క్యూరీ దంపతుల సహయాత్ర

1867లో వార్సా నగరమున జన్మించిన మేరీ, ఉన్నతవిద్యకై 1891లో పారిస్ చేరెను. అచ్చట భౌతికశాస్త్రజ్ఞుడగు పియరీ క్యూరీతో పరిచయ మేర్పడెను. 1895 జూలైలో వారి వివాహము నిరాడంబరముగా జరిగెను. కానుకగా లభించిన సొమ్ముతో రెండు సైకిళ్లు కొని, నూతన దంపతులు ఫ్రాన్సు పల్లెసీమలలో పలుదినములు పర్యటించిరి. పగలు అడవిబాటలు, రాత్రి పల్లెటూరి సత్రములు.

పరిశోధనాగారమునను వారు జంటగనే సాగిరి. 1898లో పొలోనియమును, రేడియమును కనుగొని, 1903లో హెన్రీ బెకెరెల్‌తో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

1906 ఏప్రిల్‌లో పియరీ గుఱ్ఱపుబండి క్రిందపడి మరణించెను. సోర్బాన్ విశ్వవిద్యాలయమున ఆయన స్థానమును స్వీకరించిన మేరీ, తొలి ఉపన్యాసమున తన దుఃఖమును గూర్చి పలుకలేదు. భర్త పాఠము నిలిచిన చోటనే మొదలిడెను. 1911లో రెండవ నోబెల్ బహుమానము ఆమె కొక్కతెకే లభించెను. ఇరువురు కూడి పట్టిన బాటను 1934లో మరణించువరకు ఆమె విడువలేదు.