చూపు గుట్టు విప్పిన ఇబ్నుల్ హైసమ్

ఫజ్ర్ నమాజు తర్వాత ఖుర్ఆన్ పారాయణానికి కూర్చున్న దాదీమా, పంక్తులు వంకరగా కనిపిస్తున్నాయనీ, చూసే చోటే మసక కమ్ముతోందనీ అంటే మనం శుక్లమేలే అని ఊరుకుంటాం. కంటి వెనుక పొర అయిన రెటీనా నడిభాగం వయసుతో దెబ్బతిన్నా అలాగే ఉంటుంది. డాక్టర్లు కంటిలోకి వెలుగు పంపి, ఆ పొరను ఫొటో తీసి ఈ జబ్బును పట్టుకుంటారు. చూపంటే కంటిలోకి వచ్చే వెలుగేనని వెయ్యేళ్ల క్రితమే నిరూపించిన మహనీయుడు ఇబ్నుల్ హైసమ్.

ఆయన క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు నది నీటిని అదుపు చేయవచ్చన్న ఆయన మాట ఈజిప్టును ఏలే ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా పిలిపించి ఆ పని అప్పగించాడు. తీరా అస్వాన్ దాకా వెళ్లి చూస్తే అది అయ్యే పని కాదని తేలింది. తిరిగొచ్చి ఆ సంగతి ఒప్పుకున్నారు. హాకిమ్ ముందు అలా ఒప్పుకోవడం చిన్న విషయమా! ఆ తర్వాత ప్రాణభయంతో పిచ్చివాడిలా నటించారనీ, 1021లో హాకిమ్ కాలం ముగిసేదాకా నిర్బంధంలోనే ఉన్నారనీ ఇబ్నుల్ ఖిఫ్తీ తన చరిత్ర గ్రంథంలో రాశాడు. అనంతరం కైరోలో అల్ అజ్హర్ మస్జిద్ దగ్గర ఉంటూ, గణిత గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని బతికారు. 1040 ప్రాంతంలో కన్నుమూశారు.

ఆయన 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాల గ్రంథం. కంటి నుంచే కిరణాలు వెళ్లి వస్తువులను తాకుతాయని యూక్లిడ్, టాలమీ వంటివారు నమ్మేవారు. మరి సూర్యుణ్ణి చూస్తే కన్ను ఎందుకు నొప్పెడుతుంది? వెలుగే వచ్చి కంటిని తాకుతుంది కనుక అన్నారు ఇబ్నుల్ హైసమ్. అయితే ఆయనా ఒకచోట పొరబడ్డారు. చూపు కంటి కటకం దగ్గరే ఏర్పడుతుందనుకున్నారు. లాటిన్‌లోకి మారిన ఆయన గ్రంథం చదివిన కెప్లర్, బొమ్మ పడేది రెటీనా మీదనని 1604లో తేల్చాడు.

ఆ రెటీనాను బతికున్న మనిషి కంటిలో చూసే పరికరాన్ని 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించాడు. 1991లో ఓసీటీ స్కాన్ వచ్చింది. పొరల నుంచి తిరిగొచ్చే వెలుగును కొలిచి, కోత లేకుండానే రెటీనాను అడ్డంగా కోసినట్టు చూపుతుంది. కొత్త రక్తనాళాలు మొలిచి నీరు కారుతుంటే అందులో తెలుస్తుంది. దాదీమాను ఒక్కో కన్ను మూసి చదవమనండి. పంక్తి వంగితే ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి. నీరు కారే రకానికి కంటిలో ఇంజెక్షన్లు ఇస్తారు. తర్వాతిది ఎప్పుడు ఇవ్వాలో పాత స్కాన్‌ను, కొత్త స్కాన్‌ను పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయిస్తారు.