వరహాల ఇలియట్ దొర

కోనసీమ వాళ్లకు కాటన్ దొర గురించి కొత్తగా చెప్పేదేముంది? నీటిపారుదల పనుల్లో ముప్పయ్యేళ్లుగా ఉన్న ఇంజనీరుగా నేనూ ఆయన్ని తలుచుకోని రోజుండదు. అయితే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయిన ఆ రోజుల్లో ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా ఉన్నది మరో దొర, సర్ వాల్టర్ ఇలియట్. మన పాత నాణేలకు ఆయన చేసిన మేలును ఈ స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోవాలనిపించింది.

ఇలియట్ 1803లో ఎడింబరోలో పుట్టి, 1821లో కుంఫిణీ కొలువుకు మద్రాసు చేరారు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ సైన్యానికి బందీగా చిక్కి, ప్రాణాలతో బయటపడ్డారు. 1845లో గుంటూరు జిల్లా దుస్థితిని విచారించడానికి వచ్చి, 1854 దాకా సర్కారు జిల్లాల పాలన చూశారు. వచ్చిన ఏడే అమరావతి స్తూపం దగ్గర తవ్వించారు. ఆ శిల్పాలు తర్వాత లండన్ చేరాయి.

ఎక్కడ పనిచేసినా ఆయన శాసనాల నకళ్లు, పాత నాణేలు సేకరిస్తూనే ఉన్నారు. మన తూర్పు చాళుక్యుల బంగారు నాణెం పల్చటి రేకు. నడుమ వరాహం, చుట్టూ అక్షరాల ముద్రలు. రాజరాజ నరేంద్రుడి నాణేలు సముద్రం దాటి బర్మా తీరంలోనూ దొరికాయి. బంగారు నాణేనికి వరహా అన్న పేరు ఆ చాళుక్య వరాహం వల్లనే వచ్చిందంటారు.

చివరి రోజుల్లో ఆయనకు చూపు దాదాపు పోయింది. అయినా పట్టు విడవక దక్షిణ భారత నాణేలపై పుస్తకం పూర్తిచేశారు. అది 1886లో లండన్‌లో అచ్చయింది. మరుసటి ఏడు మార్చి 1న, 84వ ఏట కన్నుమూశారు.

ఆయన నాణేలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయంటే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ మా ఇంట్లో ఏం జరిగింది? మామ్మ పెట్టెలో ఒక పాత వరహా ఉండేది. నేను ఇంజనీరింగులో చేరిన ఏడు ఫీజు కోసం అది కంసాలి కుంపటిలో కరిగిపోయింది. ఏ రాజుదో, దానిమీద ఏం రాసుందో మేమెవరం చూడలేదు. నా చదువుకు ఎంత రుణపడ్డానో, ఆ నాణేనికీ అంతే రుణపడ్డాను.

మిత్రులారా, ఇంట్లో పాత నాణెం ఉంటే కరిగించే ముందు రెండు వైపులా ఫొటో తీసి, తెలిసినవారికి చూపించండి. పునాది తవ్వకంలో నిధి బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే ఉంది. గురువులకు ఒక మనవి: పిల్లల్ని ఒకసారి రాజమండ్రిలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి తీసుకెళ్లండి. నాకు ఆ వయసులో తెలియనిది వాళ్లకైనా తెలియాలి.