ఇంటింటి దేవుడి పటం: రాజా రవివర్మ

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట ఉన్న బారువలో, కొబ్బరితోటల నడుమ పాత పెంకుటిళ్ళు నేటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. అటువంటి ఒక ఇంట దేవుడి గూటిలో లక్ష్మీదేవి పటాన్ని నేను బాల్యంలో చూశాను. ఉప్పుగాలికి చెక్క చట్రం ఉబ్బి, అంచులు చెమ్మగిల్లి, పాదాల చెంత తరతరాల పసుపు కుంకుమలు పేరుకొని ఉండేవి. అడుగున సన్నని ఆంగ్లాక్షరాలలో ఒక ముద్రణాలయం పేరుండేది. పూజ చేసే ముత్తైదువకు ఆ అక్షరాలతో పని లేదు. ఆమెకు అది లక్ష్మీదేవి, అంతే. ఆ రూపాన్ని మొదట నూనెరంగులతో చిత్రించినవాడు రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరులో జన్మించారు. తల్లి ఉమాంబ కవయిత్రి. మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతిలో చిత్రాలు వేసేవారు. ఇంటి గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీస్తున్న మేనల్లుణ్ణి దండించక, చేరదీసి కుంచె పట్టించినవారు ఆయనే. పద్నాలుగో ఏట బాలుణ్ణి తిరువనంతపురం తీసుకొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఎదుట నిలిపారు.

ఆ కాలాన నూనెరంగుల విద్య మన దేశంలో కొద్దిమందికే తెలుసు. తెలిసినవారు దానిని ధనం కంటె భద్రంగా దాచుకొనేవారు. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్ ఈ యువకునికి నేర్పడానికి సమ్మతించలేదనీ, ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళె గురువుకు తెలియకుండా కొన్ని మెలకువలు చెప్పాడనీ అంటారు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు సంస్థానానికి వచ్చాడు. అతడూ బోధించలేదు, తాను పనిచేస్తుండగా చూడటానికి మాత్రం అనుమతించాడు. రవివర్మకు లభించిన పాఠశాల అదే. వెలుగు ఏ పక్కనుండి పడితే చెంప ఎలా గుండ్రబడుతుందో, పట్టుబట్ట మడత లోపలి నీడకు ఏ రంగు కలపాలో చూపుతోనే గ్రహించి, ఏకాంతంలో సాధన చేశారు.

1873లో వియన్నా ప్రదర్శనలో ఆయన చిత్రానికి బహుమతి లభించింది. శిరోజాలు అలంకరించుకొంటున్న ఒక నాయర్ వనిత చిత్రమది. సంస్థానాధీశుల నుండి ఆహ్వానాలు వచ్చాయి. 1888లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 14 పౌరాణిక చిత్రాలు కోరగా, రవివర్మ తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఉత్తరదేశమంతా పర్యటించి ప్రజల వేషభాషలను పరిశీలించారు. (మేనమామ పేరే తమ్ముడికీ ఉండటం వల్ల విద్యార్థులు తికమకపడుతుంటారు.) అన్నదమ్ములు తెలుగునేలకూ వచ్చారు. 1902లో హైదరాబాదులో ప్రఖ్యాత ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ వద్ద కొంతకాలం ఉన్నారు.

అయితే రాజమందిరం గోడకు తగిలించిన చిత్రాన్ని చూసేవారెందరు? ఐరోపాలో అప్పటికే రఫేలు వంటి పునరుజ్జీవన కాలపు మహాచిత్రకారులు వేసిన మేరీమాత చిత్రాలు రంగుల అచ్చులుగా సామాన్యుల ఇళ్ళకు చేరాయి. 1512 ప్రాంతంలో ఒక మఠం కోసం రఫేలు చిత్రించిన మేరీమాతను దర్శించాలంటే జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి వెళ్ళాలి. ఆమె ప్రతిరూపం మాత్రం పేదవాని గోడ మీదా ఉండేది. మన దేవతలకూ అటువంటి అవకాశం కల్పించమని దివాన్ సర్ టి. మాధవరావు రవివర్మకు సూచించారు. చిత్రాలను ఐరోపా పంపి అచ్చు వేయించమన్నది ఆయన సలహా. రవివర్మ మరొక అడుగు వేసి, జర్మనీ నుండి యంత్రాలు తెప్పించి, 1894లో బొంబాయిలో సొంత ముద్రణాలయం నెలకొల్పారు. శకుంతల జననం తొలి ముద్రణ.

ఆ ముద్రణ నేటివంటిది కాదు. నిపుణులు మూలచిత్రాన్ని చూస్తూ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సున్నపురాతి పలక మీద చేతితో బొమ్మ గీసేవారు. కాగితం ఆ రాళ్ళన్నింటి మీదా వరుసగా ఒత్తుడు పొందాలి. ఒక రాయి వెంట్రుకవాసి జరిగినా దేవత పెదవి ఎరుపు చెంప మీదికి పోతుంది! చివరగా వార్నిషు పూసి, నూనెచిత్రపు గరుకుదనం వచ్చేటట్లు ఒత్తేవారు. కొన్న గృహిణులు కొందరు అంతటితో తృప్తి చెందక పటానికి జరీ, పూసలు, తళుకులు కుట్టుకొనేవారు.

పటాలు దేశమంతటా వ్యాపించాయి గాని యజమానికి మిగిలింది ఋణం. బొంబాయిలో ప్లేగు ప్రబలింది. ముద్రణాలయం లోనావాలా సమీపానికి తరలింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలోనే రవివర్మ దానిని తన వద్ద పనిచేసిన జర్మను నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్‌కు విక్రయించవలసి వచ్చింది. 1905లో తమ్ముడు మరణించాడు. మరుసటి ఏడు అక్టోబరు 2న రవివర్మ కిలిమానూరులో కన్నుమూశారు.

తరువాతి కాలపు విమర్శకులు ఆయనను తీవ్రంగా నిరసించారు. ఆనంద కుమారస్వామి వంటి వారికి ఆ దేవతలలో దివ్యత్వం కాక నాటకరంగ వేషం కనిపించింది. ఈ విమర్శ నిరాధారమని నేననను. మన ఆలయశిల్పాలలోని లక్ష్మికీ, చీర కట్టిన ఈ లక్ష్మికీ పోలిక తక్కువ. శ్రీనాథుని శృంగార నైషధం బోధించేటప్పుడు నాకూ ఒక ఇబ్బంది ఉంది. విద్యార్థుల మనస్సులో రవివర్మ 1899లో చిత్రించిన హంస దమయంతి ముందే నిలిచి ఉంటుంది. పద్యంలోని దమయంతికి చోటు దొరకదు.

కాని విమర్శకులు గమనించని విషయమొకటి ఉంది. రవివర్మ జన్మించిన తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన వెలువడింది 1936 నవంబరులో. అప్పటికి 42 ఏళ్ళ క్రితమే ఆయన ముద్రణాలయం మొదలైంది. గుడి గడప తొక్కనివ్వని వారి ఇంటికి సరస్వతి, లక్ష్మి, శ్రీకృష్ణుడు కాగితం మీద వచ్చి కూర్చున్నారు. అక్కడ హారతి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

1972లో ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. 1979లో భారతప్రభుత్వం రవివర్మ మూలచిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించి దేశం దాటనీయకుండా నిషేధించింది. అచ్చు పటాలు మాత్రం చాలాకాలం ముందే మన తీరానికీ చేరాయి. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య అటువంటి రవివర్మ పటాలను చూసి గీస్తూనే బాల్యంలో కుంచె పట్టారు. ఆయన వపా అనే సంతకంతో చందమామకు వేసిన ముఖచిత్రాలను మా తరం పిల్లలు జాగ్రత్తగా కత్తిరించి, అన్నం మెతుకులతో గోడకు అంటించుకొనేవారు.