సీటు వదలని రోజా పార్క్స్

పోటీ పరీక్షల పుస్తకాల్లో రోజా పార్క్స్‌ది ఒక్క వాక్యం. 1955లో తెల్లవాడికి బస్సులో సీటు ఇవ్వని నల్లజాతి మహిళ, అంతే. ఇంకొంచెం తెలిసినవారు, పాపం ముసలావిడ, బట్టలు కుట్టీ కుట్టీ అలసిపోయి లేవలేకపోయిందని చెబుతారు. ఆ కథ తప్పు. అప్పటికి ఆమెకు 42 ఏళ్ళే. అలసటతో కాదు, తెలిసే లేవలేదు. ఆ కూర్చోవడం వెనుక పన్నెండేళ్ళ పని ఉంది. దాని గురించి రాయాలనే ఈ వ్యాసం.

ఆమె 1913 ఫిబ్రవరి 4న అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కెగీలో పుట్టింది. తండ్రి వడ్రంగి, తల్లి టీచరు. తల్లిదండ్రులు విడిపోయాక పైన్ లెవెల్ అనే పల్లెలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. వాళ్ళిద్దరూ బానిసలుగా పుట్టినవాళ్ళు. కూ క్లక్స్ క్లాన్ ముఠాలు రాత్రిళ్ళు నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడే రోజులవి. తాత తుపాకీ పట్టుకుని కాపలా కూర్చుంటే మనవరాలూ పక్కనే మేలుకుని ఉండేది. తెల్ల పిల్లలకు మంచి బడి, బడికి బస్సు. నల్ల పిల్లలకు ఒక్క గది బడి, కాలినడక. అదీ ఏడాదికి ఐదారు నెలలే, మిగతా కాలం పత్తి చేను. నాలుగు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకు వెళ్ళినవాళ్ళం మనలో ఎందరమో ఉన్నాం కనుక ఆ నడక గురించి విడమరచి చెప్పనక్కరలేదు. కాకపోతే అక్కడ నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేరు బడి అని చట్టమే రాసిపెట్టింది.

పదకొండేళ్ళకు మాంట్‌గోమరీ పట్టణంలో బాలికల బడిలో చేరింది. పదహారేళ్ళప్పుడు అమ్మమ్మ మంచం పట్టింది, ఆ తర్వాత తల్లికి జబ్బు చేసింది. చదువు ఆగిపోయింది. ఇళ్ళలో పనిచేసింది, చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసింది. 1932లో రేమండ్ పార్క్స్‌ను పెళ్ళాడింది. ఆయన క్షౌరవృత్తి చేసుకునే మనిషి, బడి చదువు తక్కువ. తప్పుడు అత్యాచారం కేసులో ఇరికించిన తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళ కోసం ప్రాణాలకు తెగించి చాటుగా చందాలు పోగుచేసేవాడు. ఆయన ప్రోత్సాహంతోనే రోజా మళ్ళీ పుస్తకం పట్టి హైస్కూలు పూర్తిచేసింది. పెళ్ళితో చదువు ముగిసిపోయిన అక్కచెల్లెళ్ళను చూసిన మనకు రేమండ్ గురించి ఇంకో పేజీ రాయాలనిపిస్తుంది, కానీ ఇచ్చిన జాగా తక్కువ.

1943లో ఆమె ఎన్.ఎ.ఎ.సి.పి. అనే నల్లవాళ్ళ హక్కుల సంఘం మీటింగుకు వెళ్ళింది. అక్కడ ఆడమనిషి ఆమె ఒక్కతే, రాసే పని ఆమెదేనని కార్యదర్శిని చేశారు. రైళ్ళలో పోర్టరుగా పనిచేసే ఇ.డి. నిక్సన్ ఆ సంఘంలో ముఖ్యుడు. దెబ్బలు తిన్నవారి దగ్గరికి, మానభంగానికి గురైన స్త్రీల దగ్గరికి వెళ్ళి వాళ్ళు చెప్పింది రాసుకురావడం రోజా పని. 1944లో రీసీ టేలర్ అనే యువతిని ఆరుగురు తెల్లవాళ్ళు చెరిచిన కేసును విచారించడానికి వెళ్ళింది కూడా ఆమే. ఓటరుగా నమోదు కావడానికి పరీక్షలు పెట్టి నల్లవాళ్ళను తిప్పి పంపేవారు. ఆమె మూడోసారి ప్రయత్నించి 1945లో ఓటు సంపాదించింది. 1955 వేసవిలో టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ స్కూల్లో రెండు వారాల శిక్షణకు వెళ్ళింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర తినడం అక్కడ చూసింది.

ఇక బస్సు సంగతి. మాంట్‌గోమరీ బస్సుల్లో ముందు పది సీట్లు తెల్లవాళ్ళవి, ఖాళీగా ఉన్నా నల్లవాళ్ళు కూర్చోరాదు. మధ్య సీట్లు డ్రైవరు దయ. ముందు తలుపు దగ్గర డబ్బు కట్టి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కమనేవారు. 1943లో జేమ్స్ బ్లేక్ అనే డ్రైవరు ఇలాగే రోజాను దింపేసి బస్సు పోనిచ్చాడు. ఆ డ్రైవరున్న బస్సు ఎక్కకుండా ఆమె ఏళ్ళపాటు జాగ్రత్తపడింది. 1955 డిసెంబరు 1 సాయంత్రం చూసుకోకుండా ఎక్కింది. మధ్య వరుసలో నలుగురిని లేవమన్నాడు బ్లేక్. ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు. పోలీసులు అరెస్టు చేశారు.

అంతకు తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల ఇలాగే లేవకుండా అరెస్టయింది. చిన్నపిల్ల, పేదింటి పిల్ల, పైగా పెళ్ళికాకుండా గర్భవతి అయింది. ఆమెను ముందు పెట్టి ఉద్యమం నడపలేమని పెద్దలు లెక్క వేశారు. ఆ లెక్క మాకు ఎప్పటికీ మింగుడు పడదు.

రోజా అరెస్టయిన రాత్రే కాలేజీ ఇంగ్లీషు అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ ఇద్దరు విద్యార్థులను, ఒక సహోద్యోగిని వెంటబెట్టుకుని కాలేజీ సైక్లోస్టైల్ మిషను మీద వేలకు వేలు కరపత్రాలు తీసింది. సోమవారం బస్సు ఎక్కవద్దని పిలుపు. డిసెంబరు 5న రోజాకు పది డాలర్ల జరిమానా, నాలుగు డాలర్ల కోర్టు ఖర్చులు పడ్డాయి. బస్సులు ఖాళీగా తిరిగాయి. ఒక్కరోజు అనుకున్నది 381 రోజులు సాగింది. 26 ఏళ్ళ పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ నాయకుడయ్యాడు. జనం పనికి నడిచి వెళ్ళారు, కార్లు ఉన్నవాళ్ళు వంతులవారీగా ఎక్కించుకున్నారు. కింగ్ ఇంటి మీద బాంబు పడింది. 1956 ఫిబ్రవరిలో రోజాతో సహా పదులకొద్దీ మంది మీద బహిష్కరణ నేరం మోపారు. అయినా ఎవరూ చెయ్యెత్తలేదు. (ఇదే కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో దళిత పిల్లల బడిలో హెడ్మాస్టరు ఆయనను తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట నొచ్చుకుని, ఆలోచించాక అది నిజమేననిపించిందని కింగ్ తర్వాత చెప్పుకున్నాడు.)

చివరికి గెలిచింది రోజా కేసు కాదు. కాల్విన్‌తో కలిపి నలుగురు స్త్రీలు వేరే వేసిన కేసులో సుప్రీంకోర్టు 1956 నవంబరు 13న తీర్పును ఖాయం చేసింది. డిసెంబరు 21న బస్సుల్లో అందరూ ఎక్కడైనా కూర్చున్నారు.

గెలుపు తర్వాతి కథ ఎవరూ చెప్పరు. ఉద్యమం మొదలైన నెల దాటగానే రోజా ఉద్యోగం పోయింది. రేమండ్ కూడా పని వదులుకోవలసి వచ్చింది. ఫోన్లలో చంపుతామని బెదిరింపులు. మాంట్‌గోమరీలో ఎవరూ పని ఇవ్వలేదు. 1957లో తల్లితో సహా డెట్రాయిట్‌లో తమ్ముడున్న చోటికి వలసపోయారు. అక్కడా కుట్టుపనే, కడుపులో పుండ్లు, అప్పులు. పేరు ప్రపంచమంతా తెలుసు, ఇంట్లో మాత్రం గడవడం కష్టం. 1965లో జాన్ కాన్యర్స్ అనే నల్లజాతి చట్టసభ సభ్యుడు తన ఆఫీసులో ఉద్యోగం ఇచ్చేవరకు, అంటే సుమారు పదేళ్ళు, ఆమెకు నిలకడైన జీతం లేదు. 1988 దాకా అక్కడే పనిచేసి రిటైరయింది. పతకాలన్నీ ముసలితనంలో వచ్చాయి. 2005 అక్టోబరు 24న 92వ ఏట కన్నుమూసింది. అమెరికా పార్లమెంటు భవనంలో ప్రజల సందర్శనార్థం పార్థివదేహాన్ని ఉంచిన మొదటి మహిళ ఆమె.

ఆ బస్సు నెంబరు 2857. సర్వీసు అయిపోయాక ఒకాయన కొనుక్కుని పొలంలో పనిముట్లు దాచుకోవడానికి వాడుకున్నాడు. ఏళ్ళ తరబడి తుప్పుపట్టి పడివున్న దాన్ని 2001లో డెట్రాయిట్ పక్కనే ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియం వేలంలో 4,92,000 డాలర్లకు కొని బాగుచేయించింది. టికెట్ కొన్నవారు ఎవరైనా లోపలికెక్కి, ఆ సీట్లలో కూర్చోవచ్చు.