క్రియావాచక నామాల అర్థనిర్ణయం: జేమ్స్ మర్రే నిఘంటు కృషి

క్రియ నామరూపం ధరించినప్పుడు దాని అర్థస్వరూపం ఎట్టిది అనే విచారం మన శాస్త్రాలలో అతి ప్రాచీనమైనది. ఆరంభం మొదలు సమాప్తి వరకు సాగే వ్యాపారమే ఘనీభవించి ద్రవ్యం వలె భాసిస్తే నామమవుతుందని యాస్కుడు నిరుక్తంలో తెలిపి, వ్రజ్య, పక్తి శబ్దాలను ఉదాహరించాడు. పాణిని భావార్థంలో ఘఞ్, క్తిన్, ల్యుట్ మొదలైన ప్రత్యయాలను విధించాడు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇదే చిక్కు ఒక ఆంగ్ల నిఘంటుకారునికి ఎదురైంది. అతని ముందున్నవి సూత్రాలు కావు, బస్తాలకొద్దీ కాగితపు చీటీలు.

జేమ్స్ మర్రే 1837 ఫిబ్రవరి 7న దక్షిణ స్కాట్లండ్‌లోని డెన్హోమ్ గ్రామంలో ఒక దర్జీ ఇంట జన్మించాడు. పదునాలుగవ ఏట బడి చదువు ముగిసింది. తరువాతి విద్యలో అధికభాగం స్వయంకృషితో ఆర్జించినదే. చిన్న వయస్సులోనే హాయిక్ పట్టణంలో ఉపాధ్యాయుడైనాడు. భార్య అనారోగ్యం వలన 1864లో లండన్ చేరి బ్యాంకు గుమాస్తాగా పనిచేశాడు. అయినా ఆమె దక్కలేదు. 1870లో మిల్ హిల్ పాఠశాలలో మళ్లీ అధ్యాపకత్వం స్వీకరించాడు. 1873లో దక్షిణ స్కాట్లండ్ మాండలికంపై ప్రకటించిన గ్రంథం అతనికి పండితలోకంలో స్థానం కల్పించింది.

ఫైలలాజికల్ సొసైటీ 1857 నుండి తలపెట్టిన మహానిఘంటువు సంపాదకత్వం 1879 మార్చి 1న కుదిరిన ఒప్పందంతో మర్రేకు సంక్రమించింది. పది సంవత్సరాలు, ఏడువేల పుటలు అని అంచనా. ఐదేండ్లకు, 1884లో, వెలువడిన మొదటి సంచిక ‘ఎ’ అక్షరంలో ‘యాంట్’ పదం వరకు మాత్రమే వచ్చింది. సహాయకుల జీతాలు తనకు ముట్టే సొమ్ములోనుండే ఇవ్వవలసి రావడంతో మర్రే అప్పులపాలైనాడు. పెరటిలో కట్టిన ఇనుపరేకుల గదిలో పిల్లలు సైతం చీటీలను అకారాదిగా పేర్చేవారు.

ఆ మొదటి సంచికలోనే ‘యాక్ట్’, ‘యాక్షన్’ అనే ఆరోపాలున్నాయి. వేలకొలది నామాలకు నిర్వచనంగా వాడవలసిన మాటలనే ముందుగా నిర్వచించవలసి వచ్చిందన్నమాట. ‘ప్రాసెస్’ అనే శబ్దం, ‘ఇంగ్’, ‘షన్’ అనే ప్రత్యయాలు కూడ తరువాత అతని వంతుకు వచ్చిన అక్షరాలలోనే పడ్డాయి. క్రియానామాలకు సంబంధించిన ఈ మూల సామగ్రి అంతా ఒక్కని చేతిమీదుగా నడవడం యాదృచ్ఛికమే అయినా, నిఘంటువుకు అది మేలే చేసింది.

1755 నాటి జాన్సన్ నిఘంటువులో ఇట్టి నామాలకు ఫలానా పని చేయుట అనే నిర్వచనం పరిపాటి. జాన్సన్ స్థూలదృష్టి కలవాడనుకోరాదు. ‘ట్రాన్స్‌లేషన్’ శబ్దానికి స్థానాంతరం చేయుట, భాషాంతరీకరించుట, అట్లు ఏర్పడిన గ్రంథం అనే అర్థాలను అతడు వేరుచేసే చూపాడు. మర్రే చేర్చినది కాలప్రమాణం. పని, క్రమంగా సాగే ప్రక్రియ, ఒక్కసారి జరిగిన ఘటన, పర్యవసించిన స్థితి, ఫలితమైన వస్తువు అనే భేదాలలో దేనికైనా తేదీ తెలిసిన ప్రయోగం చూపకుండ స్థానమివ్వరాదనేది అతని పద్ధతి.

తెలుగులో వండుట వేరు, వంట వేరు. మొదటిది వ్యాపారమే. రెండవది వ్యాపారమూ కావచ్చు, వడ్డించిన పదార్థమూ కావచ్చు. ఆంగ్లంలో ‘పెయింటింగ్’ అనే ఒకే రూపం చిత్రించుటను, చిత్రాన్ని కూడ చెబుతుంది. వ్యుత్పత్తి ననుసరించి వ్యాపారార్థం ముందు, వస్త్వర్థం తరువాత అని వైయాకరణుడు నిశ్చింతగా చెప్పగలడు. చరిత్రకారునికి ఆ నిశ్చింత లేదు. లాటిన్, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన శబ్దం ఒక్కొక్కప్పుడు గౌణార్థంతో ముందు ప్రవేశించి, మూలార్థాన్ని శతాబ్దాల తరువాత తెచ్చుకొంటుంది. వ్యుత్పత్తిక్రమం, ప్రయోగక్రమం ఒకటి కానక్కరలేదని మర్రే గ్రహించడమే ఈ నిఘంటువులోని జీవం. మన నిఘంటువుల అర్థక్రమాన్ని పరిశీలించేవారికి కూడ ఇది ఆలోచించదగిన విషయం.

ఈ పరిశ్రమలో అతనికి తోడ్పడినవారిలో ఫిట్జెడ్వర్డ్ హాల్ సంస్కృతజ్ఞులకు పరాయివాడు కాడు. కాశీలోని ప్రభుత్వ కళాశాలలో సంస్కృతం బోధించి, సాంఖ్యప్రవచనభాష్యం, వాసవదత్త, దశరూపకాలను పరిష్కరించిన ఈ అమెరికా పండితుడు, తరువాత ఇంగ్లండు పల్లెలో ఏకాంతంగా ఉంటూ, 1901లో మరణించేవరకు మర్రే పంపిన ప్రూఫులను ఏండ్ల తరబడి దిద్దాడు.

క్రియ ఉన్నంతవరకు ‘ఇంగ్’ నామాలకు అంతు లేదు. వాటిలో ప్రత్యేకచరిత్ర కలవాటికి వేరుగా ఆరోపాలు కల్పించడం పుటలను పెంచే పని. ఇట్టి విస్తరణపై ముద్రణాలయం అధికారులు పలుమార్లు అభ్యంతరపెట్టారు. 1896లో వివాదం తీవ్రమైంది. మర్రే పరిమాణం విషయంలో కొంత సర్దుకొన్నా, ప్రమాణం విషయంలో లొంగలేదు. 1908లో సర్ బిరుదు లభించింది. ఎనుబదవ ఏటికి నిఘంటువును పూర్తిచేయాలని అతని ఆశ.

‘ట్రాన్స్‌లేషన్’ ఆరోపం 1914లో అచ్చయింది. ‘టి’ అక్షరం నడుస్తుండగానే 1915 జూలై 26న ఆక్స్‌ఫర్డ్‌లో మర్రే మరణించాడు. నిఘంటువులో సుమారు సగభాగం అతని సంపాదకత్వంలో సిద్ధమైనదే. మిగిలినదానిని బ్రాడ్లీ, క్రేగీ, అనియన్స్ కొనసాగించారు. 1928లో నాలుగు లక్షలకు పైబడిన పదాలతో అది పూర్తి అయింది.