ముందే చూసిన కన్ను: వైను బప్పు

మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్తల్లో నాకు బాగా నచ్చినవారు వైను బప్పు. 1927లో మద్రాసులో పుట్టారు. నాన్న నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళారు. 1949 జులైలో అక్కడ తీసిన ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టేశారు. దానికి గురువు బాక్, సహచరుడు న్యూకర్క్ పేర్లతో పాటు ఆయన పేరూ పెట్టారు. తిరిగొచ్చాక కొడైకెనాల్ వేధశాలను నడిపి, తమిళనాడులోనే కావలూరులో ఇంకోటి నిలబెట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షులయ్యారు. 1982 ఆగస్టులో మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1988లో కావలూరు నుంచే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి, దానికి రామానుజన్ పేరు పెట్టారు.

బప్పు పోయిన ఏడాదే భారత్ 1967 నాటి అంతరిక్ష ఒప్పందాన్ని ధ్రువీకరించింది. అణ్వాయుధాలను అంతరిక్షంలో ఉంచకూడదని అందులో ఉంది. ప్రయోగించిన వస్తువు వల్ల భూమ్మీద నష్టం జరిగితే ఆ దేశమే పరిహారం ఇవ్వాలని 1972 ఒప్పందం చెబుతుంది. మరి ఎక్కడో పడాల్సిన గ్రహశకలాన్ని ఒక దేశం పక్కకు నెట్టబోతే, అది సగమే జరిగి మా హుజూర్‌నగర్‌లో సాగర్ ఎడమ కాలువ కింది పొలాల మీద పడితే? పరిహారం ఎవరిస్తారు? నెట్టేముందు మనల్ని అడగాలా? వీటికి ఆ ఒప్పందాల్లో సూటి జవాబు లేదు.

పదేళ్ళ ముందే కనిపిస్తే దేశాలన్నీ కూర్చొని మాట్లాడుకోవచ్చు. పది రోజుల ముందు కనిపిస్తే మాత్రం బలమున్నోడిదే నిర్ణయం. చిన్న దేశానికీ, చిన్న ఊరికీ మాట్లాడే టైం దొరకాలంటే బప్పులా రాత్రంతా ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కావాలి.