అర్జీల కోసం పోరాడిన మాజీ అధ్యక్షుడు

దేశాధ్యక్ష పదవి చేసిన వ్యక్తి తర్వాత మామూలు సభ్యుడిగా చట్టసభలో కూర్చోవడం అరుదు. అమెరికా ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ అలాగే కూర్చున్నారు.

ఆయన 1767లో మసాచుసెట్స్‌లో జన్మించారు. తండ్రి జాన్ ఆడమ్స్ ఆ దేశానికి రెండో అధ్యక్షుడు. 1825లో పదవి చేపట్టిన కుమారుడు 1828 ఎన్నికల్లో ఆండ్రూ జాక్సన్ చేతిలో ఓడిపోయారు. అయినా ఇంట్లో కూర్చోలేదు. 1831లో ప్రతినిధుల సభలో సభ్యుడయ్యారు.

ఆ రోజుల్లో బానిసత్వాన్ని రద్దు చేయాలంటూ సామాన్య జనం సభకు వేలాది అర్జీలు పంపేవారు. ఓటు హక్కు లేని స్త్రీలు కూడా సంతకాలు చేసేవారు. ఆ అర్జీలను చర్చించకుండా పక్కన పెట్టాలని 1836లో సభ తీర్మానించింది. అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చిందని ఆడమ్స్ ఎదురు తిరిగారు. తోటి సభ్యులు కేకలు వేసినా అర్జీలు తేవడం మానలేదు. 1842లో ఆయనపై అభిశంసన తీర్మానం పెట్టారు. అది నెగ్గలేదు.

ఎనిమిదేళ్ల పోరాటం తర్వాత 1844 డిసెంబరులో ఆ నిబంధన రద్దయింది. 1848 ఫిబ్రవరి 21న ఆడమ్స్ సభలోనే కుప్పకూలి, రెండు రోజులకు అదే భవనంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 80 ఏళ్లు. బానిసత్వం 1865లో రద్దయింది. దాన్ని ఆయన చూడలేకపోయినా, సామాన్యుడి అర్జీకి సభ తలుపు తెరిపించే వెళ్లారు.